విడదీసిన గీతలు – కలిపిన జాతరలు: ఆదిలాబాద్ గోండుల చరిత్ర చెప్పే పాఠం

ఆదివాసీల గురించి రాసిన పుస్తకాల్లో, ప్రభుత్వ నివేదికల్లో ఒక మాట తరచుగా కనబడుతుంది. "మారుమూల ప్రాంతాల్లో, బయటి ప్రపంచానికి దూరంగా, ఒంటరిగా జీవించే ప్రజలు" అని. ఈ మాటను బడి పుస్తకంలో చదివి, సభల్లో విని, మన పిల్లలు కూడా నిజమే కాబోలు అనుకుంటున్నారు. ఆదిలాబాద్ గోండుల గత వందేళ్ల చరిత్రను కొంచెం దగ్గరగా చూస్తే మాత్రం వేరే విషయం అర్థమవుతుంది. మన పెద్దలు ఒంటరిగా బతకలేదు. ఒక ఊరిని ఇంకో ఊరితో, ఒక ఇంటిని ఇంకో ఇంటితో కలిపి ఉంచే పద్ధతులు వాళ్ల దగ్గర చాలా ఉన్నాయి. ఆ బంధాలను తెంచిన కారణాలు బయటి నుంచి వచ్చాయి. అవి ఏమిటో, తెగిన బంధం మళ్లీ ఎక్కడ ముడిపడిందో గుర్తు చేసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సగ, పేన్, పర్ధాన్

గోండు సమాజంలో ప్రతి మనిషికీ పుట్టుకతోనే ఒక చోటు ఉంటుంది. నాలుగు దేవుళ్లవారు, ఐదు దేవుళ్లవారు, ఆరు దేవుళ్లవారు, ఏడు దేవుళ్లవారు అని మనం చెప్పుకునే సగల విభజన అందుకోసమే. ఒకే సగలో పెళ్లి సంబంధం చేసుకోరు. ఆ సగలోని వాళ్లంతా అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్లు. పెళ్లి కావాలంటే తప్పనిసరిగా ఇంకో సగ గడప తొక్కాలి. అందువల్ల ఏ గోండు కుటుంబమూ తన వాళ్లతోనే ముడుచుకుని ఉండిపోయే వీలు లేదు. కొత్త ఊరికి వెళ్లిన మనిషిని ముందు ఇంటిపేరు అడుగుతారు. మెస్రం, కుమ్ర, ఆత్రం, తొడసం, సిడాం, మడావి... పేరు చెప్పగానే ఎదుటివాడికి అన్న అవుతాడో, బావ అవుతాడో తేలిపోతుంది. పరాయివాడు అనే మాటకు అక్కడ చోటు ఉండదు.

ప్రతి వంశానికీ ఒక పెర్సాపేన్ ఉంటుంది. ఆ పేన్ పూజ జరిగే చోటికి వంశంలోని వాళ్లంతా రావాలి. ఎంత దూరంలో స్థిరపడినా ఆ చోటు మారదు. వంశ కథను కిక్రి మీద పాడి వినిపించే బాధ్యత పర్ధాన్‌ది. ఒక్కొక్క గోండు కుటుంబానికి తరతరాలుగా ఒక పర్ధాన్ కుటుంబంతో సంబంధం ఉంటుంది. పెళ్లికి, చావుకు, పేన్ పూజకు పర్ధాన్ రావాలి, పాడాలి, తన వాటా తీసుకోవాలి. రాత లేని కాలంలో ఎవరి తాత ఏ ఊరి నుంచి వచ్చాడో, ఏ వంశం ఏ వంశానికి సోదరులో గుర్తుపెట్టుకున్నది పర్ధాన్‌లే. కోలాంలతోనూ ఇలాంటి బంధమే ఉంది. భాష వేరైనా, ఊరు వేరైనా, అడవి దేవతల పూజకు చాలా చోట్ల గోండులు కోలాం పూజారినే పిలిచేవారు.

ఇక దండారి. దసరా తరువాతి పున్నమి నుంచి దీపావళి వరకు ఒక ఊరి దండారి బృందం మరో ఊరికి వెళుతుంది. అతిథుల కాళ్లకు నీళ్లిచ్చి, ఊరంతా కలిసి అన్నం పెడుతుంది. రాత్రంతా ఆట, పాట. పొద్దున్నే సాగనంపుతారు. వచ్చినవాళ్ల ఊరికి వీళ్లు కూడా వెళ్లాలి. పిల్లను చూడడం, పిల్లవాణ్ని చూడడం, పాత తగాదాను పెద్దల ముందు పెట్టడం అన్నీ ఆ రాకపోకల్లోనే జరిగేవి. గుస్సాడీ నెమలి ఈకల టోపీ ఫొటోల్లో అందంగా కనబడుతుంది. దాని వెనుక ఉన్నది మాత్రం ఊళ్ల మధ్య అతిథి మర్యాద బాకీ. ఈ ఏడు తిన్న ఊరు ఆ తరువాత పెట్టాలి. ఆ బాకీయే ఊళ్లను విడిపోకుండా పట్టి ఉంచింది.

అడవి మీద గీసిన గీత

ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో నిజాం ప్రభుత్వం అడవులకు హద్దులు గీసి రిజర్వు చేస్తూ వచ్చింది. గోండులు, కోలాంలు భూమిని కొన్నాళ్లు సాగు చేసి, కొన్నాళ్లు వదిలి, మళ్లీ తిరిగి వచ్చేవారు. వదిలిన భూమి ఖాళీ భూమిగా లెక్కలోకి వెళ్లి అడవిలో కలిసింది. దాన్ని దున్నినవాడు నేరస్థుడయ్యాడు. హద్దు లోపల పడిన ఊళ్లను ఖాళీ చేయించారు. మరోపక్క మైదానం నుంచి వచ్చినవాళ్లు మంచి నల్లరేగడి భూములకు తమ పేర్ల మీద పట్టాలు చేయించుకున్నారు. పట్టా అంటే ఏమిటో, అది ఏ కచేరీలో దొరుకుతుందో మనవాళ్లకు చెప్పిన దిక్కు లేదు. కచేరీ భాష ఉర్దూ. బజారు భాష మరాఠీ లేదా తెలుగు. గోండీలో మాట్లాడితే వినే అధికారి లేడు.

ఒంటరితనం మొదలైంది ఇక్కడే. భూమి పోయిన కుటుంబం ఊరు వదిలింది. ఊరు వదిలిన కుటుంబానికి దండారి ఎక్కడికి రావాలి? పెర్సాపేన్ చోటు అడవి హద్దులో పడితే పూజకు ఎలా వెళ్లాలి? పంట లేని ఇంటి నుంచి పర్ధాన్‌కు ఇవ్వడానికి ఏముంటుంది? భూమి పోవడమంటే తిండి పోవడం ఒక్కటే కాదు. కలుసుకునే దారులు కూడా మూసుకుపోయాయి.

జోడేఘాట్ పోరాటాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. కుమ్రం భీం జల్, జంగల్, జమీన్ అన్నది ఈ అడవి గీతకు, పట్టాల మోసానికి జవాబుగానే. ఆయన వెంట నిలిచినవాళ్లలో గోండులతో పాటు కోలాంలూ ఉన్నారు. 1940లో జోడేఘాట్ గుట్టల్లో నిజాం పోలీసుల కాల్పుల్లో భీం, ఆయన సహచరులు అమరులయ్యారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు మనం వర్ధంతి జరుపుకొంటున్నాం.

మార్లవాయిలో ఒక ప్రయోగం

జోడేఘాట్ తరువాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి వచ్చింది. వియన్నాలో 1909లో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అప్పటికి హైదరాబాద్ రాజ్యంలోనే ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం కారణంగా ఆయన రాజ్యం దాటి వెళ్లే వీలు లేకపోయింది. ఆయన, భార్య బెట్టి ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. గోండీ నేర్చుకున్నారు. దండారిలో, పెళ్లిళ్లలో, పేన్ పూజల్లో కూర్చున్నారు. 1948లో వచ్చిన ఆయన గ్రంథం 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' అలా తయారైంది.

హైమన్‌డార్ఫ్ ప్రభుత్వానికి చెప్పినదాని సారం రెండు విషయాలు. మొదటిది భూమి. సాగు చేస్తున్నవాళ్లకు పట్టా ఇవ్వాలి, దాన్ని బయటివాళ్లు కొనకుండా చట్టం చేయాలి. 1940లలో ఆదిలాబాద్ జిల్లాలో గిరిజన కుటుంబాలకు లక్ష ఎకరాలకు పైగా లావణి పట్టాల కింద అందింది. 1946లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. రెండోది భాష. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. మరాఠీ అక్షరాలు కొంత తెలిసిన గోండు యువకులను చేర్చుకుని వాళ్లనే పంతుళ్లుగా తయారు చేశారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు అచ్చువేశారు. ప్రత్యేక అధికారిగా వచ్చిన సేతు మాధవరావు పగ్డీ స్వయంగా గోండీ నేర్చుకున్నాడు. తన మాటను తన భాషలో వినే అధికారిని గోండు రైతు అలా చూడగలిగాడు.

ఇది సంపూర్ణ విజయమని చెప్పడం సరికాదు. 1948లో నిజాం పాలన ముగిసింది. 1956లో హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. కిన్వట్, రాజురా ప్రాంతాలు ఇప్పటి మహారాష్ట్ర వైపు వెళ్లాయి. ఒకే వంశం, ఒకే పెర్సాపేన్, రెండు రాష్ట్రాలు. బడి భాష, కచేరీ భాష తెలుగుగా మారాయి. ఉర్దూ కచేరీ ముందు నిలబడిన తాత, మరాఠీ అక్షరాలు దిద్దిన తండ్రి, తెలుగు బడిలో కూర్చున్న కొడుకు. మూడు తరాల్లో మూడు భాషలు మారాయి. వాటిలో గోండీ లేదు. గోండీ వాచకాలు అటకెక్కాయి.

అధికారి వచ్చిన చోటు

ఆ రోజుల్లోంచి నేటికీ మిగిలిన గొప్ప ఆనవాయితీ నాగోబా దర్బార్. పుష్య అమావాస్యకు కెస్లాపూర్‌లో మెస్రం వంశీయుల నాగోబా జాతర జరుగుతుంది. అది మెస్రం వాళ్ల పూజే అయినా అన్ని వంశాలవాళ్లూ, పర్ధాన్‌లూ, కోలాంలూ, ఎల్ల అవతలి గోండులూ వస్తారు. జోడేఘాట్ గాయం ఇంకా పచ్చిగా ఉన్న కాలంలో, మనవాళ్లు కచేరీ మెట్లు ఎక్కడానికి భయపడుతున్న కాలంలో, ప్రజలు కూడే ఈ జాతరకే అధికారులు వచ్చి సమస్యలు వినాలని హైమన్‌డార్ఫ్ సూచించాడు. 1940లలో అలా దర్బార్ మొదలైంది.

ఇందులోని తెలివిని మనం గమనించాలి. ప్రజలను కొత్త చోటికి రమ్మనలేదు. కొత్త సంఘం పెట్టలేదు. వాళ్లు ఎప్పటినుంచో కలుసుకుంటున్న చోటికి, వాళ్లు నిర్ణయించుకున్న రోజున, అధికారి నడిచి వచ్చాడు. తన పెద్దలు, తన బంధువులు చుట్టూ ఉండగా మాట్లాడే మనిషికి గొంతు లేస్తుంది. ఒంటరిగా కచేరీ వరండాలో చేతులు కట్టుకుని నిలబడే మనిషికి లేవదు. దర్బార్‌లో ఇచ్చిన అర్జీలన్నీ తీరాయా అంటే తీరలేదు. ఒకే అర్జీని ఏటా తెచ్చేవాళ్లు ఉన్నారు. అయినా ఆ చోటును మన పెద్దలు వదులుకోలేదు.

రోడ్డు వచ్చింది, భూమి పోయింది

"రోడ్డు వేస్తే ఒంటరితనం పోతుంది" అనే మాటను కూడా మన చరిత్ర పరీక్షించి చూసింది. 1950ల తరువాత ఉట్నూర్ చుట్టుపక్కల రోడ్లు వచ్చాయి. రోడ్డుతో పాటు వ్యాపారి, అప్పు, పత్తి, వలస వచ్చాయి. 1970లో వచ్చిన భూ బదలాయింపు నిషేధ చట్టం, మనం 1/70 అని పిలుచుకునేది, కాగితం మీద బలంగా ఉన్నా భూమి చేతులు మారుతూనే ఉంది. 1970ల చివర్లో హైమన్‌డార్ఫ్ మళ్లీ వచ్చి చూసేసరికి, తాను పట్టాలు ఇప్పించిన ఊళ్లలోనే గోండులు కూలీలుగా మిగిలిన దృశ్యం కనబడింది. ఆ బాధను తన 1979 నాటి పుస్తకంలో రాసుకున్నాడు.

1981 ఏప్రిల్ 20 సోమవారం. ఇంద్రవెల్లిలో భూమి కోసం సభ పెట్టుకున్నారు. అనుమతి ఇవ్వలేదు. చుట్టుపక్కల గూడేల నుంచి నడిచి వచ్చిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క 13 మంది. అంతకన్నా చాలా ఎక్కువ మంది పోయారని మన ఊళ్లు చెబుతాయి. ఆ తరువాత చాలా ఏళ్లు ఏప్రిల్ 20న స్తూపం దగ్గరికి వెళ్లి పువ్వు పెట్టడానికి కూడా ఆంక్షలు ఉండేవి. కెస్లాపూర్ అదే మండలంలో ఉంది. ఒకే మండలంలో ఒక చోట ప్రజలు కూడితే అధికారి వచ్చి అర్జీ తీసుకున్నాడు. మరో చోట ప్రజలు కూడితే తూటా వచ్చింది. పదిమంది కలుసుకోవడం ఎంత విలువైన హక్కో ఈ రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇరవై రెండు పొయ్యిలు

ఇన్ని దెబ్బల తరువాత కూడా సమాజం ఎలా నిలిచిందో తెలియాలంటే నాగోబా జాతర జరిగే తీరు చూడాలి.

జాతరకు ముందు మెస్రం పెద్దలు చకడ బండి మీద ఊరూరా తిరిగి కబురు చెబుతారు. తరువాత వంశీయులు చెప్పుల్లేకుండా నడిచి జన్నారం మండలం కలమడుగు దగ్గర గోదావరిలోని హస్తినమడుగుకు వెళ్లి ఝరిలో గంగాజలం తెస్తారు. దారిలో బంధువుల ఊళ్లలో మజిలీలు. 2016లో పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. కెస్లాపూర్ ఒక జిల్లాలో, హస్తినమడుగు ఇంకో జిల్లాలో, మార్లవాయి, జోడేఘాట్ వేరే జిల్లాలో పడ్డాయి. నడిచేవాళ్ల కాళ్లకు ఆ గీతలు తెలియవు. పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గర నుంచి రావాలి. అంటే గిరిజనేతర కుటుంబం చేతి పని లేనిదే మన పూజ పూర్తి కాదు. ఇచ్చిపుచ్చుకునే ఈ బంధాన్ని పెద్దలు పూజలోనే కట్టి పెట్టారు.

కెస్లాపూర్ చేరాక మర్రిచెట్టు కింద విడిది. తరువాత గోవాడ్‌లో వంట. మెస్రం కుటుంబాలు ఎన్ని వందలైనా వంట మాత్రం 22 పొయ్యిల మీదే. ఎవరికి వారు వేరే పొయ్యి పెట్టుకోవడానికి లేదు. వంతు కోసం ఆగాలి. ఆగినంతసేపు పక్కవాళ్లతో మాట్లాడాలి. ఉద్యోగం ఉన్న ఇంటి అన్నం, కూలికి వెళ్లే ఇంటి అన్నం ఒకే పొయ్యి మీద ఉడకాలి.

ఆ తరువాత భేటింగ్. ఆ ఏడాది మెస్రం ఇళ్లకు వచ్చిన కొత్త కోడళ్లు తెల్లచీర కట్టుకుని, వంశంలోని పెద్ద ఆడవాళ్లు ముందు నడవగా నాగోబా దగ్గరికి వస్తారు. పెద్దలందరికీ మొక్కి దీవెన తీసుకుంటారు. భేటింగ్ అయ్యాకే ఆ కోడలు వంశ పూజల్లో పాల్గొంటుంది. పుట్టిన ఊరు వదిలి, కొత్త ఇంటికి వచ్చిన ఆడపిల్ల ఎంత ఒంటరిగా ఉంటుందో ఆలోచించండి. ఆమెను ఒక మొగుడికీ, ఒక అత్తకూ అప్పగించి ఊరుకోకుండా, మొత్తం వంశం ముందు నిలబెట్టి "ఈమె మన మనిషి" అని చెప్పడం ఈ ఆచారం. రేపు ఆ ఇంట్లో ఆమెకు కష్టం వస్తే, ఆమె ముఖం తెలిసిన పెద్దలు వందల మంది ఉంటారు. పెళ్లయి వెళ్లిన ఆడపడుచులనూ మరిచిపోరు. ఆడపడుచులు, అల్లుళ్లు కలిసి నీళ్లు తెచ్చి, మట్టి కలిపి పుట్ట కడతారు. వచ్చినవాళ్లకు ఒక పని, వెళ్లినవాళ్లకు ఒక పని. పని ఉన్న మనిషి పరాయి కాడు.

నాగోబా కొత్త గుడిని మెస్రం వంశీయులు సొంత చందాలతో కట్టుకుని 2022 డిసెంబరులో ప్రతిష్ఠ చేసుకున్నారు. రైతు, కూలీ, ఉద్యోగి అందరూ తలా కొంత వేశారు. చెల్లాచెదురైన సమాజం చేయగల పని కాదది.

మనలోని గీతలు

బయటివాళ్లు గీసిన గీతల గురించి చెప్పుకున్నాం. మనం గీసుకున్న గీతలనూ చూడాలి. వంశ కథను పాడిన పర్ధాన్ చేతి వంటను గోండు ఇల్లు పాత కాలంలో తినేది కాదు. మన చరిత్రను గుండెలో మోసినవాణ్ని పంక్తికి దూరంగా కూర్చోబెట్టాం. తోటి కళాకారుల పరిస్థితి ఇంకా దయనీయం. కోలాంలు, తోటిలు నేడు ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాల జాబితాలో ఉన్నారు. కిక్రి పట్టే చేతులు ఏటేటా తగ్గుతున్నాయి. గుస్సాడీ నేర్పిన మార్లవాయి కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు అందరం సంతోషించాం. 2024లో ఆయన వెళ్లిపోయారు. బిరుదు వచ్చాక గుర్తించడం కన్నా, బతికి ఉన్నప్పుడు పక్కన కూర్చుని నేర్చుకోవడం ముఖ్యం.

ఈనాటి ఒంటరితనం రూపం వేరు. పిల్లలు ఐదో ఏటనే ఆశ్రమ పాఠశాలకు వెళుతున్నారు. సెలవులకు వస్తే అవ్వ గోండీలో అడుగుతుంది, మనవడు తెలుగులో జవాబు చెబుతాడు. చదువుకున్నవాళ్లు ఆదిలాబాద్, మంచిర్యాల, హైదరాబాద్‌లలో అద్దె ఇళ్లలో ఉంటున్నారు. ఇంటిపేరు అడిగి అన్నా అని పిలిచేవాళ్లు అక్కడ లేరు. గూడెంలో ముసలివాళ్లు ఇంటి ముందు కూర్చుని ఫోను మోగుతుందేమో అని చూస్తున్నారు.

దీనికి మందు మన దగ్గరే ఉంది. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన పాత రాతప్రతులు గోండీకి సొంత లిపి ఉండేదని చూపించాయి. 2018లో గుంజాల గోండీ లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే అవ్వ మాటను మనవడి ఫోనులోనే రాయవచ్చు. పట్నంలో ఉన్న మనవాళ్లు దీపావళికి సెలవు పెట్టి ఒక్క రాత్రైనా దండారితో వేరే ఊరికి వెళ్లవచ్చు. పట్నంలో పెళ్లయిన కోడళ్లను కూడా వాళ్ల వంశం పేన్ దగ్గరికి తీసుకువచ్చి పెద్దల ముందు నిలబెట్టవచ్చు. ప్రతి రాయి సెంటర్ తన పరిధిలో ఒంటరిగా ఉన్న వృద్ధుల పేర్లు రాసుకుని, వారానికి ఒకరు వెళ్లి పలకరించే ఏర్పాటు చేయవచ్చు. పర్ధాన్, తోటి, కోలాం, గోండు ఒకే పంక్తిలో కూర్చుని తినడం ప్రతి సంఘ సభలో నియమం కావచ్చు. వీటిలో దేనికీ ప్రభుత్వ ఉత్తర్వు అక్కర లేదు.

బెట్టి ఎలిజబెత్ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూసినప్పుడు మార్లవాయి ఆమెను తన మట్టిలో కలుపుకొంది. 1995లో లండన్‌లో మరణించిన హైమన్‌డార్ఫ్ చితాభస్మం 2012లో ఆమె పక్కనే చేరింది. వేరే దేశం, వేరే రంగు, వేరే భాష మనుషులకు తమ ఊళ్లో శాశ్వతంగా చోటిచ్చిన సమాజం మనది. అంత చోటు ఉన్న సమాజంలో మన సొంత అవ్వకు, మన పర్ధాన్‌కు, మన కొత్త కోడలికి చోటు తక్కువ కాకూడదు. వచ్చే పుష్య అమావాస్యకు కెస్లాపూర్ వెళ్లే ప్రతి కుటుంబం, ఈ ఏడు ఎవరింటి నుంచీ పిలుపు అందని ఒక మనిషిని తన బండిలో ఎక్కించుకుని వెళ్లాలని కోరుకుంటూ...

రాం రాం. సేవా జోహార్.